గడ్డం కింద రెండు వేళ్లు

సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా నా నడుము నాది కాదు. అది మా బుడంకాయది. మూడేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలున్న మా అమ్మాయికి ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్నే. పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడ కూర్చోబెట్టినా ఒక పక్కకి దొర్లిపోతోందని ఆరో నెలలో ముద్దుగా అన్నారు. అదే స్థిరపడిపోయింది. అసలు పేరుతో పిలిస్తే అది వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తున్నారనుకుంటుంది.

ఒక ఆదివారం మా ఆయన బజారుకి టమాటాల కోసమని వెళ్లి స్కూటర్‌తో తిరిగొచ్చారు. టమాటాలు మరిచిపోయారు. స్కూటరంటే పెట్రోలు పోసే బండి కాదు. ముందు రెండు బుల్లి చక్రాలు, వెనక ఒకటి, నిలబడడానికి జానెడు పలక, పట్టుకోవడానికి ఒక హ్యాండిలు. ఒక కాలు పలక మీద ఉంచి రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోవాలి. వెనక చక్రం మీద చిన్న రేకు ఉంటుంది, దాన్ని మడమతో నొక్కితే బండి ఆగుతుందట. మూడేళ్ల పిల్ల మడమకి అంత తెలివెక్కడిది. ఆ ఆదివారమే హాల్లో రెండు చుట్లు తిప్పి, వీడియో తీసి, చుట్టాలందరికీ పంపి, చేతులు దులుపుకుని, "ఇక నువ్వు నేర్పించెయ్" అన్నారు. వారం రోజుల పాటు ఫోనులో అందరూ "నాన్న ఎంత ముద్దుగా నేర్పుతున్నాడో" అని పొగిడారు.

ఆయన లెక్కల మాస్టారు. ఊరందరి పిల్లలకీ నేర్పి నాలుగున్నరకే ఇంటికొస్తారు. నేను సంచుల కుట్టు యూనిట్‌లో చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి ఐదింటికి వస్తాను. రాగానే చెప్పులు విప్పి బుడంకాయకి బూట్లు తొడుగుతాను. బూట్లేనని పట్టుబట్టింది నేనే. చెప్పులతో నేలను తంతే బొటనవేలు చిట్లిపోతుంది. హెల్మెట్ కొన్నదీ నేనే. దానికి మా అత్తయ్య వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "పసిదాని తల మీద కుండ బోర్లించినట్టు ఏంటమ్మాయ్ అది, జుట్టు మొలుస్తుందా ఇక" అన్నారు. మా ఆయన నవ్వి, "జానెడెత్తు నుంచి పడితే ఏమవుతుందమ్మా, దీని భయం దీనిది" అన్నారు. హెల్మెట్ నుదుటిని కప్పాలి, కనుబొమ్మల మీద రెండు వేళ్లంత చోటు మాత్రం వదలాలి. పట్టీ గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత బిగువుగా ఉండాలి. మూడో వేలు దూరితే వదులు, రెండోది దూరకపోతే బిగుతు. ఇదంతా ఎవరూ చెప్పలేదు, డబ్బా మీద బొమ్మలు చూసి నేర్చుకున్నాను. ఆ డబ్బా మా ఇంట్లో ఇంకెవరూ చూడలేదు.

చోటు వెతికిందీ నేనే. మా బిల్డింగు ముందు వైపు గేటు దాకా సిమెంటు వాలు ఉంది, కార్లు వెనక్కి వచ్చేది అక్కడే. వెనకున్న మూడడుగుల మనిషి ఆ డ్రైవరుకి అద్దంలో కనపడదు. అందుకని బట్టలారేసే వెనక వాకిట్లోకి తీసుకెళ్లేదాన్ని. చదునైన నేల, నాలుగు గోడలు, ఒక మూల నీళ్ల పంపు. అయినా గోడ గోడే కదా. బుడంకాయకి వేగం రావడానికి నాలుగు రోజులు పట్టింది, నాకు గుండె దడ పట్టడానికి ఒక్కరోజే పట్టింది. అప్పుడే పట్టీ కుట్టాను.

మా యూనిట్‌లో పిల్లలు బడికి మోసుకెళ్లే వీపు సంచులు తయారవుతాయి. ప్రతి వందలో ఒకటి తీసి, పట్టీని కొక్కేనికి తగిలించి, కింద ఇసుక మూట వేలాడదీస్తాం. కుట్టు పిగలకపోతే ముద్ర వేస్తాం. తొమ్మిదేళ్లుగా నేను ముద్ర వేసిన పట్టీ ఒక్కటీ తెగి వెనక్కి రాలేదు. ఆ చేత్తోనే, యూనిట్‌లో పక్కకి పడేసిన ఒక గజం పట్టీ, ఒక బకిల్ అడిగి తెచ్చుకుని, నాలుగు వరసలు కుట్టి, స్కూటర్ పలక వెనక బిగించాను. రెండో కొస నా కుడిచేతికి చుట్టుకునేదాన్ని. ఎడమచెయ్యి దాని భుజానికి అంగుళం దూరంలో గాలిలో కాపలా. అది తన్నుకుంటూ పోవడం, నేను వంగి వెనక పరిగెత్తడం, గోడ రాబోతుంటే మెల్లగా లాగి ఆపడం. నిజం చెప్పొద్దూ, ఎంత సుతారంగా ఆపేదాన్నంటే ఆగుతున్నట్టు దానికి తెలిసేది కాదు.

మా అత్తయ్య బాల్కనీ లోంచి చూసి, "దూడకి పలుపు కట్టినట్టుందే" అని నవ్వారు. "ఆ దూడ కంటే వెనక పరిగెత్తే ఆవే ఎక్కువ ఆయాసపడుతోందిలే" అన్నాను. ఆవిడ ఇంకా నవ్వారు. మంచావిడే. మోకాళ్లు నొప్పులైనా రోజూ బాల్కనీలో కూర్చుని మనవరాలికి చప్పట్లు కొడతారు. నా వంతు చప్పట్లు మాత్రం ఎప్పుడూ మరిచిపోతారు.

నాకు వెనక పరిగెత్తడం కొత్త కాదు. మా ఊళ్లో మా అన్నకి సైకిలు నేర్పింది నేనే. నేర్పడమంటే క్యారేజీ పట్టుకుని చెరుకు బళ్ల బాటంతా వెనక పరిగెత్తడం. వాడికి పన్నెండేళ్లు, నాకు తొమ్మిది. వాడు నేర్చుకున్నాక నా వంతు వస్తుందనుకున్నాను. ఈలోగా మా నాయనమ్మ, "ఆడపిల్లవి, పడితే మచ్చ పడుద్ది" అంది. వాడు పడి తెచ్చుకున్న మచ్చల్ని మటుకు ఇప్పటికీ పాంటు పైకి లాగి అందరికీ చూపిస్తాడు.

ఇలా ఆరు వారాలు గడిచాయి. ఆ సోమవారం మా మేనేజరు పిలిచి, లైన్ ఇన్‌చార్జి పని ఖాళీ అయింది, నీ పేరు పైకి పంపమంటావా అని అడిగారు. పన్నెండు నుంచి ఎనిమిది దాకా షిఫ్టు. నలభై మంది మీద అజమాయిషీ, కుర్చీ, సొంత టేబులు. నేను పని నేర్పిన ఇద్దరు అబ్బాయిలు ఇప్పటికే ఇన్‌చార్జులై నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. నా నోట్లోకి అవునన్న మాట వచ్చేసింది కూడా. అంతలో ఆయనే, "తొందరేం లేదమ్మా. చిన్నపిల్ల తల్లివి, సాయంత్రాలు ఇంట్లో ఉండాల్సినదానివి. శుక్రవారం లోపు ఆలోచించుకుని చెప్పు" అన్నారు. ఆ ఇద్దరు అబ్బాయిలకీ చిన్నపిల్లలున్నారు. వాళ్లనెవరూ ఆలోచించుకోమనలేదు.

ఇంట్లో చెప్పాను. మా ఆయన నిజంగా సంతోషించారు. ఆయనలో నాకిష్టమైనదే అది, సంతోషం వస్తే దాచుకోరు. బుడంకాయని ఎత్తి గిరగిరా తిప్పి, "మీ అమ్మ పెద్ద ఆఫీసరు" అన్నారు.

"సాయంత్రాలు మీరు చూసుకోవాలి మరి. స్కూటర్ తిప్పాలి."

"అదెంత పని. నువ్వు అన్నిటినీ భూతద్దంలో చూస్తావు గానీ."

"అయితే బుధవారం నాకు సెలవు. ఆ రోజు మీరే తీసుకెళ్లండి. నేను కిందికి కూడా రాను."

"పందెం" అన్నారు.

బుధవారం నేనే బూట్లు తొడిగి, హెల్మెట్ బిగించి పంపాను. పట్టీ చేతికిస్తే తీసి బల్ల మీద పెట్టేశారు. "నా కూతురికి తాడేంటి. ఆరు వారాల నుంచి తొక్కుతోంది, వచ్చేసింది దానికి." నేను దాన్ని అక్కడే వదిలేశాను. అన్నిటినీ భూతద్దంలో చూస్తానన్న మాట చెవిలో ఇంకా ఆరలేదు.

మూడో అంతస్తులో మా వంటగది కిటికీ ముందు వైపుకి ఉంటుంది. గిన్నెలు కడుగుతూ చూద్దును కదా, ఇద్దరూ వెనక వాకిట్లో లేరు, గేటు వాలు పైన ఉన్నారు. వెనకైతే గోడల్ని చూడాలి, ముందైతే మనుషుల్ని చూడొచ్చని ఆయన లెక్క. గేటు పక్కన కింది వాటా డ్రిల్లు మేడం రోజూలాగే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రిటైరై పదేళ్లయినా మెడలో విజిల్ లేకపోతే ఏదో లోటుగా ఉన్నట్టే కూర్చుంటారు. గేటు బయట ఒక వ్యాను కూతపెడుతూ వెనక్కి వస్తోంది. కిటికీ లోంచి అరిచాను. మూడంతస్తుల కింద, ఆ కూతలో, నా అరుపు ఎవరికి వినబడుతుంది.

బుడంకాయ ఒక్క తన్ను తన్నింది. తర్వాత రెండో కాలు కూడా పలక మీద పెట్టేసి నిటారుగా, మహారాణిలా నిలబడింది. వాలు మిగతా పని చేసింది. మా ఆయన మొదట నవ్వుతూ నడిచారు, తర్వాత పరిగెత్తారు. బండి పోతోంది. అది కాలు కింద పెట్టలేదు, రేకు నొక్కలేదు, భయపడలేదు కూడా. మెడ తిప్పి వెనక్కి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. గోడ వస్తోంది, ఇక ఆపు అని ప్రతి సాయంత్రం నా వైపు చూసే చూపు అది. నా కుడిచెయ్యి దానంతటదే బలంగా వెనక్కి లాగింది. చేతిలో ఉన్నది పట్టీ కాదు, గిన్నెలు తుడిచే గుడ్డ.

డ్రిల్లు మేడం లేచి, కూర్చున్న కుర్చీనే తీసి గేటుకి అడ్డంగా తోసేశారు. బండి వెళ్లి కుర్చీకి కొట్టుకుంది, పిల్ల కుర్చీ మీదుగా బోర్లా పడింది. గేటవతల వ్యాను ఏమీ తెలియకుండా కూతపెట్టుకుంటూ తన దారిన వెనక్కే పోయింది.

నేను మెట్లు ఎలా దిగానో తెలియదు. వెళ్లేసరికి మేడం ఒళ్లో ఉంది. కింది పెదవి చిట్లి గడ్డం మీదంతా రక్తం. హెల్మెట్ ముందు భాగాన నా అరచేయంత గీత. నుదుటికి పడాల్సిన గీత అది. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వాలు మూడు డిగ్రీలు కూడా లేదే" అంటున్నారు, ఎవరికి చెబుతున్నారో తెలియకుండా. అప్పటిదాకా ఏడవని బుడంకాయ నన్ను చూడగానే రాగం ఎత్తుకుంది. ఏడుపు మధ్యలో వేలెత్తి నా వైపు చూపించి, "అమ్మ ఆపలేదూ" అని మేడంకి ఫిర్యాదు చేసింది. వదిలేసిన నాన్న మీద కాదు, అడ్డమొచ్చిన కుర్చీ మీద కాదు, మూడో అంతస్తులో గిన్నెలు కడుగుతున్న నా మీద.

పెదవికి కుట్లు పడలేదు. మంచుగడ్డ పెడితే వాపు తగ్గింది. ఇంట్లో మాత్రం అత్తయ్య పిల్లని ఒళ్లో వేసుకుని, "దీన్ని వదిలేసి రాత్రి ఎనిమిదింటిదాకా ఉద్యోగం చేస్తుందట" అన్నారు, గోడకి చెబుతున్నట్టు. మా ఆయన అన్నారు, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగినట్టు: "దానికి ఆగడమే రాదే. ఆరు వారాలు ఏం నేర్పావు?"

ఆ మాట నాకు పెదవి చిట్లినంత మంట పెట్టింది. ఆరు వారాలు వంగిన నా నడుమునడగండి అనబోయాను. ఊరందరికీ నేర్పే మీరు ఒక్కరోజు కిందికి దిగారా అనబోయాను. ఈలోగా డ్రిల్లు మేడం, విరిగిన కుర్చీ కాలు గురించి ఒక్క మాటా అనకుండా, పిల్లని చూడడానికి పైకొచ్చారు. బల్ల మీద పట్టీ కనబడితే చేతిలోకి తీసుకుని, కుట్టు లాగి చూశారు.

"నువ్వే కుట్టావా అమ్మాయ్?"

"అవును మేడం."

"ఎంత బాగా కుట్టావు. అదే వచ్చిన చిక్కు. ఇది ఉన్నంతసేపు పిల్ల ఎందుకు ఆగాలి? నేనైతే మొదటి రోజు తోయడం నేర్పను. ఆగడం నేర్పుతాను. తోసుకోవడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు."

ఆవిడ వెళ్లిపోయాక పట్టీని చేతిలో పట్టుకుని వంటగదిలో కూర్చున్నాను. తొమ్మిదేళ్లలో నేను చేసిన మొదటి తప్పు సరుకు ఇదే, తెగకపోవడమే దాని తప్పు. తర్వాత మెల్లగా, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే మా ఆయన "పాలు" అని కేక వేస్తారు, లేచి కట్టెయ్యరు. వాటి పక్కనే కూర్చుని ఉన్నా సరే. అత్తయ్య మందుబిళ్లలు అయిపోయాయని ఆవిడకి ఎప్పుడూ తెలియదు, ఎందుకంటే అవి ఎప్పుడూ అయిపోవు. అయిపోయే రెండు రోజుల ముందే నేను తెస్తాను. బల్ల మీద వదిలేసిన కళ్లజోడు పొద్దున ఆయన బూటు పక్కన ఉంటుంది, అది నడిచి వెళ్లిందనుకుంటారు కాబోలు. గోడ రాకముందే నేను లాగేస్తాను. ఎంత సుతారంగా లాగుతానంటే, ఎవరో ఆపారని ఎవరికీ తెలియదు. ఇల్లంతా రెండు కాళ్లూ పలక మీద పెట్టుకుని మహారాణుల్లా పోతోంది. ఒక్కనాడు నేను వెనక లేకపోతే, "అమ్మ ఆపలేదూ."

అయితే ఇందులో నా పాపం లేదనను. పిల్ల వెనక్కి తిరిగి ఆ చూపు చూసినప్పుడల్లా నా లోపల ఏదో తియ్యగా కరిగేది. నేను లేకపోతే వీళ్లకి గడవదనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం కోసమే నేను నాలుగు వరసలు కుట్టానేమో. మూడు చాలేవి.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి పట్టీ అల్మరాలో పెట్టేసి, సుద్దముక్క తీసుకున్నాను. "పదండి" అన్నాను.

"ఎవరం?" అన్నారు మా ఆయన.

"అందరం. అత్తయ్యా, మీరు కూడా. కుర్చీ నేను తెస్తాను."

వెనక వాకిట్లో అడ్డంగా ఒక గీత గీశాను. బుడంకాయని స్కూటర్ ఎక్కనివ్వలేదు. ముందు హ్యాండిలు పట్టుకుని నడిపించాను, గీత దగ్గర ఆగమన్నాను. తర్వాత నడుస్తూ ఒక్క తన్ను, కాలు కింద, ఆగు. ఒక్క తన్ను, కాలు కింద, ఆగు. మూడోసారికి గీత దాటేసింది. అలవాటు ప్రకారం వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. నేను ముందున్నాను, గీత అవతల, చేతులు కట్టుకుని. చేతులు కట్టుకోకపోతే అవి ఊరుకోవు.

అత్తయ్యని ఎర్రదీపం చేశాను. ఆవిడ ఎర్ర శాలువా ఎత్తితే ఆగాలి, దించితే పోవాలి. ఆ పనిలో ఆవిడకి ఉత్సాహం మితిమీరింది. పిల్ల కదలకముందే ఎత్తేస్తున్నారు. "నానమ్మా, ఇంకా పోలేదు" అని అది విసుక్కుంటే, "ముందే ఆగు, తప్పేముంది" అంటున్నారు. మా ఆయన్ని పక్కన పరిగెత్తమన్నాను, చెయ్యి వెయ్యకుండా. రెండో చుట్టుకి నడుం పట్టుకుని నిలబడిపోయారు.

"ఇది రోజూ గంటసేపు చేశావా?"

"ఆరు వారాలు."

ఆయన ఇంకో చుట్టు పరిగెత్తారు. కాసేపటికి నా పక్కకి వచ్చి, "ఏం నేర్పావు అన్నాను కదా నిన్న" అన్నారు. "అన్నారు" అన్నాను. "అనాల్సింది కాదు" అన్నారు. పాఠం చెప్పే గొంతు కాదది. బడిలో బెంచీ ఎక్కిన కుర్రాడి గొంతు.

ఆరున్నరకి బుడంకాయ రెండు తన్నులు తన్ని, గాలికి నవ్వుకుంటూ వచ్చి, గీతకి బెత్తెడు ముందు తనంతట తాను బూటు నేలకి రాసి ఆగింది. రాసిన చప్పుడు కీచుమంది. అది వెనక్కి చూడలేదు. తన బూటు వంకే చూసుకుంది, ఇంతకాలం దీన్ని ఎక్కడ దాచారన్నట్టు. నాకు సంతోషమయింది. సంతోషం కింద ఒక చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

శుక్రవారం మేనేజరు తలెత్తకుండానే, "ఆలోచించావా అమ్మా, పిల్ల సంగతి?" అన్నారు.

"పిల్లకి వాళ్ల నాన్న ఉన్నారు సార్. నా పేరు పంపించండి."

రెండు వారాల్లో పైనుంచి ఖాయమై వచ్చింది, సోమవారం కుర్చీలో కూర్చున్నాను. కూర్చోవడం రావడం లేదు, అరగంటకోసారి లేచి కొక్కెం దగ్గరికి వెళ్లి పట్టీలు లాగి చూస్తున్నాను. ఐదున్నరకి ఫోన్ మోగింది. మా ఆయన. నా కుడిచెయ్యి ఒక్కసారి పిడికిలి బిగించింది. ఎత్తాను. వెనక నుంచి అత్తయ్య "ఎర్రదీపం, ఎర్రదీపం" అంటున్నారు, బుడంకాయ "ఇంకా ఎక్కనేలేదూ" అని అరుస్తోంది.

"బూట్లు వేశాను. వెనక వాకిట్లోనే ఉన్నాం, గేటు వైపు కాదు. ఇదిగో, హెల్మెట్ బిగిస్తున్నాను. గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి, అంతే కదా?"

"అంతే."

"వేళ్లు నీవా, నావా?"

కిటికీ అవతల సాయంత్రం ఎండ నలభై కుట్టు మిషన్ల మీద పడుతోంది. నేను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను, తొమ్మిదేళ్లలో మొదటిసారి.

"ఎవరు బిగిస్తుంటే వాళ్లవి" అన్నాను.